బోర్డుకి ఎవరు చెబుతారు?

మా ఊరి బస్ స్టేషన్లో ఒక్కసారైనా దిగినవాళ్ళకి మా అత్తగారి మొహం గుర్తుండకపోవచ్చు గానీ, గొంతు మాత్రం గుర్తుండి తీరుతుంది. "పసుపు సంచీ ఆవిడా, మీ బస్సు అటు కాదు, ఇటు!" అని మైకులో ఒక్క కేక వేసేది. పసుపు సంచీ ఆవిడే కాదు, ఎర్ర సంచీ ఆవిడ కూడా ఉలిక్కిపడి ఆగిపోయేది. మామగారు చనిపోయిన ఏడాదే ఆవిడ ఆ విచారణ కిటికీ వెనక కూర్చుంది. కొడుకు చదువూ, ఉద్యోగమూ, పెళ్ళీ అన్నీ ఆ కుర్చీలోంచే నడిపించింది. డ్రైవర్లూ కండక్టర్లూ ఆవిడని మైకక్క అంటారు. అసలు పేరు ఏమిటో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

నేను ఆవిడ కోడల్ని. ఇప్పుడు ఆ స్టేషన్ గోడల మీద వెలుగుతున్న బోర్డులున్నాయే, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చూపించేవి, వాటి వెనక నడిచే ప్రోగ్రాం రాసింది నేనే. అంటే అత్తగారి కాళ్ళ కిందికి నీళ్ళు తెచ్చింది సొంత కోడలే అన్నమాట. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మా ఇంట్లో మాత్రం ఆ నెలల్లో ఎవరికీ నవ్వు రాలేదు.

ముందు ఆ కిటికీ గురించి చెప్పాలి. ఇనుప చువ్వల కిటికీ, దాని కింద ఓ చెక్క పలక. ఆ పలక అంచు ఒక్కచోట మాత్రం నున్నగా అరిగిపోయి ఉంటుంది. ఎందుకంటే మా అత్తగారు పెట్టిన చట్టం ఒకటుంది. ప్లాట్‌ఫారం మారినా, బండి ఆలస్యమైనా, టైరు పంక్చరైనా, డ్రైవరు ముందు వచ్చి ఆ పలక మీద వేలి కణుపులతో కొట్టి సంగతి చెప్పాలి. ఆ తరవాతే బండి కదపాలి. ఈ చట్టం ఏ పుస్తకంలోనూ లేదు. అయినా ఎంత పెద్ద సీనియర్ డ్రైవరైనా కొట్టి తీరాల్సిందే.

ఒకసారి కొత్తగా వచ్చిన డ్రైవరు ఒకాయన, మెలితిరిగిన మీసాలాయన, "ఆవిడకి నేను చెప్పేదేంటి?" అని బండి తీసుకెళ్ళి వేరే ప్లాట్‌ఫారం మీద పెట్టాడట. స్టేషన్ మొత్తానికి వినపడేలా మైకులో మోగింది: "మీసాల డ్రైవరు గారూ! తమరు ఎక్కడికి పోయారో నాకు తెలియదు. ఇక్కడ జనం అడుగుతున్నారు. మీ మీసాన్ని అడగమని చెప్పనా?" మర్నాటినుంచి ఆయన అందరికంటే ముందు వచ్చి కొట్టేవాడు. పైగా కొట్టేటప్పుడు, "అక్కా, నేనే, మీసాన్ని" అనేవాడు.

ఇంట్లోనూ ఆవిడది అదే పద్ధతి. పొయ్యికి చేతికందేంత దూరంలో ఓ చిన్న అర ఉండేది. ఉప్పు, కారం, నూనె, చిన్న కత్తి, అగ్గిపెట్టె, అంతే. మిగతావన్నీ అటక మీద. వంటకి కొత్త సరుకేదైనా అవసరమై అటక మీంచి దింపితే, అది ఆ వారమంతా ఆ చిన్న అరలోనే ఉండేది. దానికి చోటు కావాలి కదా, అందుకని చాన్నాళ్ళుగా ఎవరూ ముట్టుకోని డబ్బా ఏదో అటకెక్కేది. పెళ్ళైన కొత్తలో నేను ఉత్సాహం కొద్దీ వంటగది అంతా సర్దేసి, డబ్బాలన్నిటికీ పేర్లు అంటించి, సైజుల వారీగా పేర్చాను. చాలా ముచ్చటగా ఉంది. ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి ఉప్పు కోసం చెయ్యి చాపింది. చేతికి ఏలకుల డబ్బా వచ్చింది.

"ఇదేంటమ్మాయ్?"

"నీట్‌గా ఉంటుందని సర్దానత్తయ్యా."

"చూసేవాళ్ళకి నీట్‌గా ఉంది. వండేవాళ్ళ గతేంటి? పొయ్యి మీద కూర మాడుతుంటే ఉప్పు కోసం బల్లెక్కమంటావా?" అంటూ ఆ రోజే మళ్ళీ మొత్తం మార్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో కూడా నాకో సంగతి తట్టింది గానీ పైకి అనలేదు. కంప్యూటర్లో మేం కాష్ అనేది సరిగ్గా ఆ చిన్న అరే. ఆవిడ ముందు ఆ మాట ఒప్పుకోవడం అప్పుడు నా వల్ల కాలేదు.

బోర్డుల పని మా కంపెనీకి వచ్చినప్పుడు మాత్రం దాచలేకపోయాను. ఓ సాయంత్రం ఆవిడ కూరగాయలు తరుగుతూ, "పొద్దస్తమానం ఆ డబ్బాలోకి చూస్తూ ఏం రాస్తున్నావమ్మాయ్?" అంది. చెప్పక తప్పలేదు.

"మీ స్టేషన్ బోర్డులకేనత్తయ్యా. అసలు సమాచారం మొత్తం హెడ్డాఫీసు కంప్యూటర్లో ఉంటుంది. మీ ఆఫీసు గదిలో గుమాస్తా ఏ మార్పు ఎక్కించినా అక్కడికే పోతుంది. కానీ అన్ని ఊళ్ళ బోర్డులూ క్షణానికోసారి 'ఏ బస్సు ఎక్కడ, ఏ బస్సు ఎక్కడ' అని దాన్నే అడిగితే, దానికి ఊపిరాడదు. అందుకని ప్రతి బోర్డూ ఒకసారి తెచ్చుకున్నదాని నకలు తన దగ్గరే పెట్టుకుంటుంది. జనం చూసేది ఆ నకలే. దాన్ని కాష్ అంటారు."

"మరి దానికి ఇంత రాతెందుకు? ఒకసారి తెచ్చి గోడ మీద రాసి పెట్టేస్తే పోలా?"

"నకలు పాతబడుతుంది కదా. ఇదేం కొత్త విద్య కాదు. కంప్యూటరు లోపల కూడా ఇదే నడుస్తుంది. అందులో లెక్కలు చేసే భాగం మహా తొందర మనిషి. దానికి కావలసినవి ఉండేది దూరంగా, పెద్ద మెమరీలో. ప్రతిదానికీ అంత దూరం పోయి తెచ్చుకుంటూ కూర్చుంటే దాని పొద్దంతా ఎదురుచూపులకే సరిపోతుంది. అందుకని పక్కనే చిన్న చోటు పెట్టుకుంటుంది. కావలసింది ముందు అక్కడ వెతుకుతుంది. దొరికిందా, పని అయిపోయినట్టే. దొరకలేదా, అప్పుడు పెద్ద మెమరీకి పోయి తెచ్చుకుని, మళ్ళీ అవసరం పడుతుందేమోనని నకలు ఒకటి పక్కన ఉంచుకుంటుంది. ఉప్పు కోసం పోయి, పక్కనే ఉంది కదా అని కారం కూడా పట్టుకొస్తుంది. ఆ చోటు చిన్నది కాబట్టి నిండిపోతుంది. నిండితే, చాలాసేపటినుంచి ఎవరూ అడగనిదాన్ని బయటికి తోసేస్తుంది."

ఆవిడ కత్తి ఆపింది. పొయ్యి పక్కన ఉన్న అర వైపు చూసింది. నా వైపు చూసింది. "నా అరని పీకి పందిరేసినప్పుడు ఈ విద్యంతా ఎక్కడికి పోయింది?" అంది. మా ఆయన పక్కగదిలోంచి పకపకా నవ్వాడు.

ఆవిడ మాత్రం అక్కడితో వదల్లేదు. "సరే, నేనూ అంతే చేస్తాను. పొద్దున వెళ్ళగానే ఆఫీసు గదిలో ఆ రోజు బస్సుల పట్టీ చూసుకుని బుర్రకెక్కించుకుంటా. జనం అడిగితే బుర్రలోంచి చెబుతా. మళ్ళీ మళ్ళీ లేచి లోపలికి పోను. ఇంతవరకూ బాగుంది. మరి లోపల పట్టీ మారిందనుకో. నాకైతే డ్రైవరొచ్చి పలక మీద కొడతాడు. మీ బోర్డుకి ఎవరు చెబుతారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. కొంతసేపయ్యాక అదే వెళ్ళి కొత్త నకలు తెచ్చుకుంటుంది."

"ఆ కొంతసేపట్లో?"

"ఆ కొంతసేపు... పాతదే చూపిస్తుంది."

"అంటే అబద్ధం చెబుతుంది."

"అబద్ధం కాదత్తయ్యా, పాత నిజం."

"బస్సు తప్పినవాడికి చెప్పు ఆ ముక్క" అని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

నాకు రోషం వచ్చింది. వచ్చినా, ఆ ప్రశ్న సరైనదేనని తెలుసు. మా వృత్తిలో తలలు పండినవాళ్ళు కూడా ఆ ప్రశ్న దగ్గరే తలపట్టుకుంటారు. దాచుకోవడం ఎవడైనా చేస్తాడు. దాచుకున్నది ఎప్పుడు పారేయాలో తెలుసుకోవడమే కష్టం. మర్నాడు ఆఫీసుకి వెళ్ళి, మార్పు జరిగిన వెంటనే బోర్డులకి కబురందే ఏర్పాటు చేస్తానన్నాను. "తరవాత చూద్దాం" అన్నారు. పైగా హెడ్డాఫీసువాళ్ళు తమ కంప్యూటరు మీద బరువు పడుతోందని, బోర్డులు నకలు మార్చుకునే విరామాన్ని ఇంకా పెంచమన్నారు. వద్దని వాదించాను. గోడకి చెప్పినట్టయింది. పెంచేశారు.

బోర్డులు వెలిగిన వారానికి కొత్త మేనేజరు వచ్చాడు. దుర్మార్గుడని అనను. స్టేషన్ శుభ్రంగా ఉండాలనేవాడు, నేల అద్దంలా మెరవాలనేవాడు. కిటికీ దగ్గర డ్రైవర్లు గుంపు కట్టడం, పలక బాదడం, మైకులో వేళాకోళాలు ఆయన కంటికి సంతలా కనిపించాయి. "ఎవరూ కిటికీ దగ్గరికి పోకూడదు. మార్పులేమైనా ఉంటే ఆఫీసు గదిలో గుమాస్తాకి చెప్పండి, ఆయన కంప్యూటర్లో ఎక్కిస్తాడు. బోర్డులున్నాయి కదా" అని ఆజ్ఞ వేశాడు. కొన్నాళ్ళకి కిటికీ కూడా మూసేసి, మైకక్కని పోయిన సామాన్ల గదికి పంపుతానని చెప్పాడు. ప్లాట్‌ఫారాల చివర, మరిచిపోయిన గొడుగులూ చెప్పులూ పడేసే కొట్టు అది.

ఆ రాత్రి అన్నాలకి కూర్చున్నాం. చివరికి నేనే, "అత్తయ్యా, నా మీద కోపంగా ఉందా?" అన్నాను.

"నీ మీదెందుకమ్మాయ్? నువ్వు కాకపోతే ఇంకొకడు రాసేవాడు. కనీసం నువ్వు బాగా రాశావు" అంది. మజ్జిగ పోసుకుంటూ, "ఆ కొట్లోకి మాత్రం నేను పోను. గొడుగులతో ఏం మాట్లాడను?" అంది. అది తిట్టినట్టుగానే ఉంది. ఆ కుర్చీ ఆవిడకి ఉద్యోగం ఒక్కటే కాదు. మామగారు పోయాక ఆవిడని మనుషుల్లో నిలబెట్టింది అది.

పలక మీద కొట్టడం ఆగిపోయాక ఆవిడ పొద్దున పట్టీ చూసుకుని, మధ్యలో ఒకసారి లేచి ఆఫీసు గదికి పోయి చూసుకునేది. మిగతా సమయమంతా బుర్రలో ఉన్నదే చెప్పేది. సరిగ్గా నా బోర్డు లాగే.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. స్టేషన్ ఒక కొసన పైకప్పు రేకు ఊడి ప్లాట్‌ఫారం మీదికి వేలాడింది. అక్కడికి రావలసిన బస్సులన్నిటినీ అవతలి కొసకి మళ్ళించారు. డ్రైవర్లు ఆజ్ఞ ప్రకారం గుమాస్తాకి చెప్పారు. గుమాస్తా వెంటనే కంప్యూటర్లో ఎక్కించాడు. అతనిలో తప్పేమీ లేదు. హెడ్డాఫీసు కంప్యూటర్లో నిజం మారిపోయింది. స్టేషన్ గోడ మీద మాత్రం మారలేదు.

ఆ సమయానికి దర్జీ అన్నయ్య వచ్చాడు. మా వీధి చివర మిషను పెట్టుకున్న మనిషి, మా ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టేవాడు. కిడ్నీలు దెబ్బతిని, డయాలిసిస్ కోసం పక్క పట్నం వెళ్ళి వస్తుండేవాడు. చేతికర్ర, నెమ్మది నడక. ఆయనకి బస్సెక్కడో తెలుసు. అయినా కిటికీ దగ్గర ఆగి ఒకసారి అడిగి వెళ్ళడం అలవాటు.

"ఇవాళ ఎక్కడమ్మా?"

"ఎప్పటిచోటే అన్నయ్యా. నిదానంగా వెళ్ళు, ఇంకా టైముంది."

ఆయన రేకు ఊడిన కొసకి నడిచాడు. బస్సు అవతలి కొసనుంచి వెళ్ళిపోయింది. ఊడిన రేకు చూసి, దుమ్ములో కళ్ళు నులుముకుంటూ ఆయన మళ్ళీ వెనక్కి నడిచొచ్చేసరికి ఆ పట్నం వెళ్ళే తరవాతి బస్సు కూడా గాలికి ఎక్కడో నిలిచిపోయిందన్నారు. ఆ పూట ఆయనకి డయాలిసిస్ తప్పిపోయింది. ఇంటికి చేరాక ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చారు.

మా అత్తగారికి సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు తెలిసింది. నేను ఆఫీసునుంచి సరాసరి ఆసుపత్రికే వెళ్ళాను. ఆవిడ మంచం పక్కన నిలబడి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయనకి అప్పటికి ఆయాసం కాస్త తగ్గింది.

"నా నోటి మాట నీ ప్రాణం మీదికి తెచ్చింది అన్నయ్యా."

"ఊరుకోమ్మా" అన్నాడాయన. "మావాళ్ళు బోర్డు చూసుకోలేదా అని నన్ను తిడుతున్నారు. చూశాను. బోర్డు కూడా నువ్వు చెప్పిందే చెప్పింది. ఇద్దరూ ఒకే మాట చెప్పాక ఇంకెందుకు అనుమానపడతాను?"

ఆ మాటకి నాకు తలకొట్టేసినట్టయింది. ఇద్దరు సాక్షులు ఒకటే చెబుతున్నారంటే నిజమే అనుకుంటాం. ఇద్దరి దగ్గరా ఉన్నది పాత నకలేనని పాపం ఆయనకెలా తెలుస్తుంది?

బయట వరండాలోకి వచ్చాక ఆవిడ గోడకానుకుని ఏడ్చింది. మా పెళ్ళయ్యాక ఆవిడ ఏడవగా నేను చూడలేదు. దగ్గరికి తీసుకోబోతే చెయ్యి విదిలించింది. "నేనేదో పెద్ద తెలిసినదాన్నని విర్రవీగాను. తెలిసింది నాకా? వాళ్ళొచ్చి చెబితే తెలిసింది. వాళ్ళు రావడం మానేశాక కూడా తెలిసినట్టే మాట్లాడాను" అంది. కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక మొహంలో ఏడుపు లేదు, కోపం ఉంది. "పద. రేపు ఆ మేనేజరు సంగతి చూద్దాం" అంది.

చూడాల్సిన పని లేకుండా ఆయనే పిలిపించాడు. ఫిర్యాదు వచ్చిందట. బోర్డుల తరఫున నన్నూ రమ్మన్నారు. అత్తాకోడళ్ళం బల్లకి ఇటువైపు పక్కపక్కన కూర్చున్నాం. మేమిద్దరం ఒకింటివాళ్ళమని ఆయనకి అప్పటికి తెలియదు.

"చూశారా అమ్మా," అన్నాడు మేనేజరు, గొంతు పెంచకుండానే. "అందుకే మనిషి జ్ఞాపకం మీద స్టేషన్ నడపకూడదంటాను. మీ పొరపాటు వల్ల ఒక రోగికి ప్రమాదం వచ్చింది. రేపటినుంచి కిటికీ మూసేస్తున్నాం." నా వైపు తిరిగాడు. "మేడమ్, మీ బోర్డులు సరిగ్గానే పనిచేస్తున్నాయి కదా? ఒక మాట చెప్పేస్తే నేను పైకి రిపోర్టు పంపేస్తాను."

నేను అవునంటే నా ఉద్యోగానికి ఢోకా లేదు. తల ఊపితే చాలు.

"లేదండీ," అన్నాను. "ఆ సమయంలో బోర్డు కూడా అదే తప్పు చూపించింది."

"అది సాంకేతికమైన ఆలస్యం."

"బాగుంది. ఆవిడ పాత సంగతి చెబితే పొరపాటు, బోర్డు పాత సంగతి చెబితే ఆలస్యమా? ఒకే తప్పుకి రెండు పేర్లెందుకండీ? విరామం పెంచొద్దని నేను మొత్తుకున్నాను, హెడ్డాఫీసు వినలేదు. మార్పు రాగానే కబురందే ఏర్పాటు చేస్తానన్నాను, మా ఆఫీసువాళ్ళు తరవాత అన్నారు. పోనీ, కబురందే పద్ధతి ఒకటి ఈ కిటికీ దగ్గర ముందునుంచే ఉంది. దాన్నీ మీరే ఆపించారు. రిపోర్టులో ఇది రాయండి."

ఆయన మొహం మాడిపోయింది. నాకు బాగానే ఉంది అనిపించింది. మా అత్తగారు మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ నా మీదికే తిరిగింది.

"నువ్వు నన్ను వెనకేసుకు రావద్దమ్మాయ్. నా నోటితో నేను చెప్పాను, అది నా తప్పే. నీ బోర్డు వెనక దాక్కునే ఖర్మ నాకు లేదు."

"నేను మిమ్మల్ని దాయట్లేదత్తయ్యా, నా బోర్డు చేసింది నేను చెబుతున్నాను!"

"నీ బోర్డుకి నోరుందా? నాకుంది. తెలియనప్పుడు 'తెలియదు, చూసి చెబుతా' అనొచ్చు. అన్లేదు. అదీ తేడా."

"అత్తయ్యా?" అన్నాడు మేనేజరు అయోమయంగా. మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"అవును, నా కోడలు," అంది ఆవిడ ఆయనకేసి తిరిగి. "తప్పు ఎవరిదో మేం ఇంటికెళ్ళి తేల్చుకుంటాం. మీరు మీ సంగతి చూసుకోండి. కిటికీ మూసేస్తారా? మూసుకోండి. ఆ కిటికీ లోపల కూర్చునే నేను పాతబడ్డాను. ఎవడో వచ్చి చెబితే తప్ప నాకేమీ తెలియకుండా పోయింది. కొట్లోకి పొమ్మంటారా? పోతాను. కొట్టు తలుపు ప్లాట్‌ఫారం మీదికే ఉంది. కుర్చీ బయటేసుకుంటా. బస్సులు మారేది నా కళ్ళముందే. జనానికి చెబుతూనే ఉంటా."

"అలాంటి ఉద్యోగం మా దగ్గర లేదమ్మా."

"లేకపోతే పెట్టుకోండి. పెట్టేదాకా ఊరికే చేస్తా."

బయటికొచ్చాక మెట్ల మీద నన్ను ఆపింది. తిడుతుందనుకున్నాను. "మొదట్నుంచీ అడుగుతున్నా కదా, బోర్డుకి ఎవరు చెబుతారని. నేను చెబుతాను. నాకు దారి పెట్టు" అంది.

ఆ దారి పెట్టడం పెద్ద పనేం కాదు. ఆవిడ ఫోనులో ఓ పేజీ. బస్సు ఎంచుకుని, కొత్త ప్లాట్‌ఫారం నొక్కితే చాలు, ఆ మార్పు అసలు కంప్యూటర్లోకి పోతుంది. అదే సమయంలో స్టేషన్లో ప్రతి బోర్డుకీ 'నీ దగ్గరున్నది పారేయ్, కొత్తది తెచ్చుకో' అని కబురు అందుతుంది. విరామంతో పని లేదు. మార్పు లేనంతసేపూ నకలే చూపించుకో, హెడ్డాఫీసుని పీడించకు. మార్పు వచ్చిందా, మైకక్క చెబుతుంది. పెద్ద కంప్యూటరు మీద బరువు నిజానికి తగ్గుతుంది కూడా. ఆవిడకి ఇదంతా చెబితే, "అంటే పలక మీద కొట్టడమే కదా" అంది.

అనుమతి సంగతి అడుగుతారేమో. అడిగాను. మా కంపెనీ వాళ్ళు, "స్టేషన్ వాళ్ళు ఒప్పుకుంటే మాకేం" అన్నారు. స్టేషన్ వాళ్ళు, "కంపెనీ వాళ్ళు ఒప్పుకుంటే చూద్దాం" అన్నారు. ఆ ఇద్దరి మధ్యలో నిలబడి నేను ఒప్పుకున్నాను. "ఉద్యోగం పోతుందేమోనే" అన్నాడు మా ఆయన. "పోతే ఇంకోటి దొరుకుతుంది. దర్జీ అన్నయ్య పోతే దొరుకుతాడా?" అన్నాను. ఆయన వెళ్ళి నాకు టీ పెట్టుకొచ్చాడు.

కిటికీ మూసేసిన రోజు పొద్దున్నే ఆవిడ సామాన్ల కొట్టు తాళం తీసి, గొడుగులన్నీ ఓ మూలకి నెట్టి, కుర్చీ తెచ్చి బయట వేసింది. కూర్చున్నది మాత్రం కాసేపే. ఎండలో కొంగు నెత్తిన కప్పుకుని ఈ కొసనుంచి ఆ కొసకి నడుస్తూనే ఉంది. బోర్డులు ఎలా నడుస్తాయోనని నేను సెలవు పెట్టి వచ్చి, ఓ స్తంభం పక్కన లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పని చెయ్యకపోతే ఆవిడ పరువూ నా బతుకూ ఒకేసారి పోతాయి.

పదకొండు దాటాక ఒక ప్లాట్‌ఫారం మీద ఏదో బండి ఆయిలు కార్చింది. కాలు పెడితే జారిపోతున్నారు. అక్కడికి రావలసిన బస్సుని డ్రైవరు గేటు దగ్గరే ఆపి తల బయటికి పెట్టాడు. ఆవిడ చెయ్యెత్తి కొట్టు ముందున్న పక్క ప్లాట్‌ఫారం చూపించింది. ఆ పూట అది ఖాళీగా ఉండేది. రెండో చేత్తో ఫోను నొక్కింది. నేను హాల్లోకి చూశాను. బోర్డులన్నీ ఒక్క రెప్పపాటు ఆరి, వెలిగాయి. కొత్త అంకె. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు బోర్డు చూసి, సంచులు తీసుకుని లేచి అటు నడిచారు. ఎవరూ ఎవరినీ అడగలేదు, ఎవరూ పరుగెత్తలేదు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఆఫీసు గది బోర్డు కూడా ఆరి వెలిగింది కాబోలు, ఏ బస్సు ఎక్కడికి మారిందో చదవకుండానే మేనేజరు మెట్లు దిగి వస్తున్నాడు. గుమాస్తా ఎక్కించకుండా బోర్డు మారిందంటే ఎవరి పనో ఆయనకి అర్థమైపోయింది. మొహం జేవురించింది. హాలు దాటి, ఆ పూట ఎప్పుడూ ఖాళీగా ఉండే ప్లాట్‌ఫారం ముందునుంచి అడ్డంగా నడిచి, బస్సులొచ్చే దారి మధ్యలో నిలబడ్డాడు.

"ఎవరినడిగి మార్చారు? మీకీ అధికారం ఎవరిచ్చారు?" అని అరిచాడు. ఆయన వీపు గేటు వైపు ఉంది.

అత్తగారు గేటు వైపు చూసింది, మళ్ళించిన బస్సు లోపలికి వస్తోంది. రెండంగల్లో ఆయన దగ్గరికి పోయి, చొక్కా భుజం దగ్గర గుప్పిట్లో పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఆయన తూలి ఆవిడ కుర్చీ మీద పడ్డాడు. ఆయన నిలబడ్డ చోటు మీదుగా బస్సు ముందుకు పోయి బుస్సుమని ఆగింది. డ్రైవరు కిందికి దూకి నెత్తి పట్టుకున్నాడు.

మేనేజరు తలెత్తి బస్సుని చూశాడు. "ఈ బండి... ఈ బండి ఇక్కడికి రాదు కదా!" అన్నాడు.

"మారింది," అంది మా అత్తగారు. "మీకెవరూ చెప్పలేదు, అంతేగా? నేను చెబుతున్నా. లేచి పక్కకి నిలబడండి, జనం దిగాలి."